వెనక చక్రపు సన్న టైరు

నేను ఒక సైకిల్ టైరును. నాకు పేరు లేదు, కొలత ఉంది. నా పక్కగోడ మీద ఉబ్బెత్తు అంకెల్లో ఏడు వందలు, ఇరవై ఎనిమిది అని ఉంటుంది. మొదటి అంకె నేను ఎంత పెద్ద చక్రానికి పడతానో చెబుతుంది. రెండోది నా వెడల్పు, మిల్లీమీటర్లలో. పెద్దవాళ్ల బొటనవేలి కంటే కాస్త ఎక్కువ. ఆ కాస్త వెడల్పు మీద ఒక మనిషి, అతని సామాను, అతను ఇరవై నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పని ఒక మాట కలిసి కొండెక్కాలని చూశాయి. ఆ సంగతే చెబుతాను.

నేను పుట్టింది తమిళనాడులో ఒక ఫ్యాక్టరీలో. రబ్బరు, మసి, గంధకం కలిపిన ముద్దను నైలాను దారాల మీద పరిచి, అంచుల్లో ఇనప తీగ చుట్టి, ఆవిరితో కాగే అచ్చులో బిగించారు. కొన్ని నిమిషాల తర్వాత అచ్చు తెరిస్తే నేను. అదే రోజు పక్క అచ్చుల్లో ఇరవై మూడు వాళ్లు, ముప్పై రెండు వాళ్లు, నలభై వాళ్లు పుట్టారు. మాలో ఎవరి పని ఏమిటో మాకు పుట్టుకతోనే తెలుసు. సన్నవాళ్లం నున్నటి రోడ్డుకు, తేలికపాటి మనిషికి. వెడల్పువాళ్లు బరువుకు, రాళ్లకు. మాలో మాకు తగువు లేదు. తగువంతా మమ్మల్ని కొనేవాళ్ల దగ్గరే మొదలవుతుంది. మనుషులకు ఒంటి మీద ఏ అంకె కూడా రాసి ఉండదు కదా, ఎవరు ఎంత మోయగలరో మోసేదాకా వాళ్లకు తెలియదు.

నా మొదటి యజమాని విశాఖపట్నంలో పళ్ల డాక్టరు, పసుమర్తి విశ్వనాథం గారు. బక్కపలచటి మనిషి. తెల్లవారాక బీచ్ రోడ్డు మీద గంటసేపు తొక్కి, ఇడ్లీ తిని ఇంటికి వెళ్లేవారు. వెంట సామాను అంటే ఒక నీళ్ల సీసా, అంతే. ఆ రోడ్డు మీద నేను పాడుకుంటూ తిరిగాను. గాలి బిగించి కొట్టి ఉంటే, నున్నటి తారు మీద నాలాంటివాడు సన్నగా ఈల వేసినట్టు చప్పుడు చేస్తాడు. అది మాకు సుఖంగా ఉన్నప్పటి చప్పుడు. ఆయనతో తొక్కే స్నేహితులు ఇరవై అయిదైతే ఇంకా జోరుగా పోతుందని ఆయన చెవిలో పోరేవారు. వాళ్లలో సగంమందికి పొట్టలున్నాయి. ఆ పొట్ట ఒక్క వేలెడు తగ్గితే వచ్చే జోరు ఏ టైరూ ఇవ్వలేదు. అయినా ఆ మాట అనుకున్నవాళ్లు లేరు. ఇంతలో డాక్టరు గారికి నడుం పట్టేసింది. సైకిలు బాల్కనీలో గోడకెక్కింది. ఒక వానాకాలం గడిచాక విజయనగరంలో మజ్జి ధర్మారావు సైకిల్ షాపుకు చేరింది. వెనక చక్రానికి నేను, ముందు చక్రానికి నా జోడు, అలాగే దాన్ని అంటిపెట్టుకుని వెళ్లాం.

అక్కడికి వచ్చాడు కోన సత్తిబాబు.

కరెంటు లైన్‌మాన్‌గా చేసి ఆ వేసవిలోనే రిటైరైన మనిషి. స్తంభాలెక్కి ఎక్కి భుజాలు బలిసి, ఎనభై రెండు కిలోలు తూగేవాడు. ఏ విషయమైనా తనకు తెలుసన్నట్టే మాట్లాడేవాడు. ఎవరైనా ఒకటి చెప్పబోతే, చెప్పడం పూర్తికాకముందే తల ఊపేసేవాడు. వెంట ఒక స్నేహితుడు, బొంతు యేసురత్నం మాస్టారు. ఆయనా రిటైరయ్యారు. ఇద్దరూ వయసులో ఉన్నప్పుడు అరకు పక్కన ఏజెన్సీలో పనిచేశారు. ఒకరు బడిలో పాఠం చెబితే, ఒకరు ఊరూరికీ తీగ లాగారు. మళ్లీ ఆ ఊళ్లన్నీ సైకిళ్ల మీద తిరిగి చూడాలని ఇద్దరూ అనుకున్నారు. వారం రోజుల యాత్ర. గుడ్డలు, దుప్పట్లు, వండుకునే గిన్నెలు, పనిముట్లు అన్నీ కారియర్‌కు రెండు పక్కలా వేలాడే సంచుల్లో సర్దుకోవాలి.

మాస్టారు చదువుకుని వచ్చిన మనిషి. తన సైకిలుకు అప్పటికే నలభై వేయించుకున్నారు. షాపు గచ్చు మీద సుద్దముక్కతో బొమ్మ గీసి మరీ చెప్పారు. బరువును మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. ఎక్కువ గాలికి చోటుంటే తక్కువ బిగింపుతోనే మోస్తుంది. రాయి తగిలినప్పుడు టైరు లోపలికి నొక్కుకోవాలి, నొక్కుకోడానికి లోతు ఉండాలి. సన్న టైరుకు ఆ లోతు లేదు. మనిషి, సామాను, సైకిలు కలిపితే నూట పది కిలోలు దాటుతుంది, అందులో సగానికి పైగా వెనక చక్రం మీదే పడుతుంది. ఇదంతా చెప్పి ఆయన నా రెండు పక్కలా ఫ్రేము సందులో చిటికెన వేలు పెట్టి చూశారు.

“ఈ ఫ్రేములో ముప్పై రెండు వరకే పడుతుంది, సత్తిబాబూ. అసలు మన దారికి ఈ సైకిలే కాదు. కొనేశావు కాబట్టి, కనీసం ముప్పై రెండైనా వేయించు.”

సత్తిబాబు నన్ను బొటనవేలితో నొక్కి చూశాడు. నేను నొక్కుడు పడలేదు. ధర్మారావు అప్పుడే గాలి బిగించాడు మరి.

“సన్నగా ఉంటేనే జోరుగా ఎల్తాది మాస్టారూ. గాలి గట్టిగా కొట్టీసుకుంటే మరింకేటి కావాల?”

ధర్మారావును అడిగారు. ఆయనకు గుమ్మంలో ఇంకో రెండు సైకిళ్లు ఆగి ఉన్నాయి. రెండూ నడుస్తాయనేశాడు. నిజమే. రెండూ నడుస్తాయి. ఏది ఎక్కడిదాకా నడుస్తుందో ఆయన్ని అడగలేదు, ఆయన చెప్పలేదు. గోడ మీద మేకుకు ముప్పై రెండు జత ఒకటి వేలాడుతోంది. నాకంటే నాలుగు మిల్లీమీటర్లు వెడల్పు. మాస్టారి మాట నిజమని ఆ షాపులో అందరికంటే బాగా నాకు తెలుసు. కానీ నాకున్న గొంతల్లా రోడ్డు మీద తిరుగుతున్నప్పుడే పలుకుతుంది. స్టాండు మీద నిలబెట్టిన సైకిలు టైరు ఏం చెప్పగలదు? అలా నిలబడి ఉన్నాను. నన్నే ఎంచుకున్నారు.

నవంబరు చివర బయల్దేరారు. మొదటి రోజు శృంగవరపుకోట వరకు దారి నున్నగానే ఉంది. సత్తిబాబు ముందు, మాస్టారు వెనక. దారిలో ఆగి చెరుకురసం తాగినప్పుడల్లా సత్తిబాబు నా వైపు చూసి, చూశారా మాస్టారూ అన్నట్టు నవ్వేవాడు. మాస్టారు ఒప్పుకున్నట్టు నవ్వేవారు. నేను ఈల వేస్తూనే ఉన్నాను గానీ, అది బీచ్ రోడ్డు మీది ఈల కాదు. సంచుల బరువుకు నా నడుం ప్రతి చుట్టుకూ రోడ్డుకు అతుక్కుని లేస్తోంది. లోపల ట్యూబు వేడెక్కుతోంది.

రెండో రోజు అనంతగిరి ఘాటు. ఎక్కేటప్పుడు ఇద్దరూ చాలా దూరం దిగి తోశారు. అరకు చేరేసరికి పొద్దు వాలింది. మూడో రోజు ఉదయం మంచు విడిపోయాక పాడేరు వైపు బయల్దేరారు. రెండు పక్కలా వలిసె చేలు పసుప్పచ్చగా పూసి ఉన్నాయి. అప్పుడు మాస్టారు సత్తిబాబు పక్కకు వచ్చి తొక్కుతూ, దబ్బగుమ్మి వెళ్లాలని నిజంగానే ఉందా అని అడిగారు. ఉందన్నాడు సత్తిబాబు. 

దబ్బగుమ్మి పెద్ద రోడ్డు నుంచి పదకొండు కిలోమీటర్లు లోపలికి ఉన్న ఊరు. ఇరవై నాలుగేళ్ల కింద ఆ ఊరికి సత్తిబాబే లైను వేశాడు. తీగ మోయడానికి, స్తంభాలు ఎత్తడానికి ఆ ఊరివాడే కొర్రా సోమ్రా అనే అతను కూలికి వచ్చేవాడు. చురుకైనవాడు, ఎక్కడం నేర్చుకున్నాడు. ఒక రోజు స్తంభం మీద ఉండగా తీగలోకి కరెంటు వచ్చింది. సోమ్రా అక్కడే పోయాడు. పదిహేను రోజుల్లో సత్తిబాబుకు మైదానానికి బదిలీ అయింది. ఆ తర్వాత ఎవరో వచ్చి మిగిలిన పని పూర్తిచేశారు, ఊరికి దీపాలు వచ్చాయి. ఈ మాత్రం మాస్టారికి తెలుసు. సోమ్రా భార్య సుక్రమ్మ ఇంకా అక్కడే ఉందని కూడా ఆయనకు తెలుసు. పాత విద్యార్థి ఒకడు చెప్పాడట. సత్తిబాబు ఆమెను చూడాలనుకుంటున్నాడు. ఎందుకో మాస్టారు అడగలేదు.

పెద్ద రోడ్డు వదిలి లోపలికి తిరిగాక నాకు నా పరిస్థితి అర్థమైంది. కొత్త రోడ్డు వేస్తున్నారు. కంకర పరిచారు, తారు ఇంకా పోయలేదు. పిడికిలంత రాళ్లు, అంచులు చెక్కినట్టు పదునుగా ఉన్నాయి. మాస్టారి నలభై టైర్లు ఆ రాళ్ల మీద కొంచెం కుంగుతూ, కొంచెం లేస్తూ మెత్తగా పోయాయి. నేను ఒక్కో రాయి మీంచి ఒక్కో రాయి మీదికి ఎగిరిపడ్డాను. సత్తిబాబు మోచేతులు వణికాయి. వెనక సంచుల్లో గిన్నెలు మోగాయి.

మాస్టారు దిగి నడుద్దామన్నారు. సత్తిబాబు తల ఊపి, తొక్కుతూనే ఉన్నాడు. కాసేపటికి ఆ కుదుపు భరించలేక ఆగి, నాలో గాలి కొంత వదిలాడు. అది సహజమే, ఎవరైనా అదే చేస్తారు. కానీ నాలాంటివాడికి అక్కడే వస్తుంది చిక్కు. గాలి నిండా ఉంటే రాయి మీద ఎగురుతాను. గాలి తగ్గిస్తే, అంత బరువు కింద నొక్కుకుపోయి రాయికీ రిమ్ముకూ మధ్య నలుగుతాను. మధ్యేమార్గం అనేది వెడల్పు ఉన్నవాళ్లకే ఉంటుంది. అర కిలోమీటరు పోకముందే ట్యూబుకు పాము కాటేసినట్టు పక్కపక్కన రెండు చిల్లులు పడ్డాయి.

అతుకు వేశారు. ఇంకో కిలోమీటరుకు మళ్లీ అవే రెండు చిల్లులు. మళ్లీ అతుకు. మూడోసారీ చిల్లు పడి అతుకేశాక, సత్తిబాబు రోడ్డు పక్కన కూర్చుని, పంపుతో చేతులు నొప్పెట్టేదాకా గాలి కొట్టాడు. రాయిలా బిగుసుకుపోయాను. ఎగిరినా సరే, నలగకుండా ఉంటే చాలనుకున్నాడేమో. అప్పటికి ఏడు కిలోమీటర్లు వచ్చారు. ఇంక నాలుగే ఉన్నాయి.

అక్కడ చిన్న పల్లం ఉంది. సత్తిబాబు బ్రేకు వేస్తూనే దిగాడు. ఒక రాయి అంచు నా పక్కగోడకు తగిలింది. నా వొంట్లో అన్నిటికంటే పల్చటి చోటు అదే. వేలెడు పొడవున చీలాను. చీలికలోంచి ట్యూబు బుడగలా బయటికి ఉబికింది. ఆ ఒక్క క్షణం నన్ను నేను బిగబట్టుకోవాలని చూశాను. రబ్బరుకు బిగబట్టుకోవడం తెలియదు. ట్యూబు పేలింది. చక్రం కంకర మీద పక్కకు జారింది. సత్తిబాబు ఎడమ చెయ్యి కింద పెట్టి పడ్డాడు.

మాస్టారు పరుగెత్తుకొచ్చారు. మణికట్టు వంకర పోయింది, చూస్తుండగానే వాచింది. మోకాలు దోక్కుపోయింది. తలకు దెబ్బ లేదు. మాస్టారు అతన్ని గట్టు మీద కూర్చోబెట్టి నీళ్లు తాగించి, ఇక సైకిలు పని పట్టారు. నన్ను విప్పి చీలికలోకి వేలు పెట్టి చూసి పెదవి విరిచారు. ఆయన సంచిలో మడతపెట్టిన అదనపు టైరు ఒకటి ఉంది. నలభై. నన్ను తీసి పక్కన పెట్టి, దాన్ని నా రిమ్ముకు ఎక్కించారు. రిమ్ముకు చక్కగా పట్టింది. చక్రాన్ని ఫ్రేములో పెట్టబోతే లోపలికే పోలేదు. గాలి తీసి, నొక్కి, ఎలాగో దూర్చారు. రెండు పక్కలా రాసుకుని చక్రం కదల్లేదు. మాస్టారు దాన్ని చేత్తో తిప్పాలని మళ్లీ మళ్లీ ప్రయత్నించారు. ఇద్దరికీ షాపు గచ్చు మీది సుద్దబొమ్మ గుర్తొచ్చే ఉంటుంది. ఆ మాట మాస్టారు ఎత్తలేదు. సత్తిబాబే అన్నాడు.

“మీరు సెప్పినారు మాస్టారూ. నానే ఇన్లేదు.”

సెల్‌ఫోన్లకు అక్కడ సిగ్నలు లేదు. మధ్యాహ్నం దాటాక పై ఊళ్ల నుంచి జీపు ఒకటి దిగుతుందని, అంతవరకు ఏ బండీ రాదని దారిన పోయే మేకల కాపరి చెప్పాడు. నాలుగు కిలోమీటర్లు నడుద్దాం, నీ సైకిలు ఇక్కడే ఉంచుదాం అన్నారు మాస్టారు. దెబ్బ తగిలింది చేతికే. కాళ్లు బాగానే ఉన్నాయి. సత్తిబాబు నడవగలడు. అయినా లేవలేదు. దబ్బగుమ్మి వైపు కొండను చూస్తూ అలాగే కూర్చున్నాడు. అతనికి నొప్పి వల్ల కాళ్లు ఆడటం లేదని మాస్టారు అనుకున్నారు. నేను అలా అనుకోలేదు. మూడు రోజులుగా ఆ మనిషి బరువు మోసినవాణ్ని. దబ్బగుమ్మి దారి మళ్లినప్పటి నుంచి పెడలు మీద అతని అడుగు బరువెక్కుతూ వచ్చింది. ఊరు దగ్గరయ్యేకొద్దీ ఇంకా ఎక్కువైంది.

చివరికి మాస్టారు సాయం తీసుకొస్తానని తన సైకిలు ఎక్కి వెళ్లారు. వెడల్పు టైర్ల మీద ఆ రాళ్లలో ఆయన నెమ్మదిగా, ఆగకుండా ఎక్కి మలుపు తిరగడం నేను కంకరలో పడి ఉండి చూశాను. నాకు అసూయ కలగలేదు. ఆ పని వాళ్లదే.

గంటన్నర పట్టింది. మాస్టారు సైకిలు తోసుకుంటూ వచ్చారు, పక్కన ఒక ఆడమనిషి నడిచి వచ్చింది. అరవైకి దగ్గర పడిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంది. ఒక చేతిలో చీల్చిన వెదురు బద్దలు, పాత చీరగుడ్డ. సోమ్రాతో కలిసి పనిచేసిన మనిషి పడిపోయాడని మాస్టారు చెబితే, ఎవరు, ఏమిటని అడక్కుండా బయల్దేరిందట. ఆమే సుక్రమ్మ.

ఆమె సత్తిబాబు ముఖం కేసి చూడలేదు, చెయ్యి కేసి చూసింది. ఎదురుగా కూర్చుని మణికట్టును మెల్లగా తడిమి, బద్దలు రెండు పక్కలా పెట్టి గుడ్డ చుట్టడం మొదలుపెట్టింది. సత్తిబాబు తను ఎవరో చెప్పాడు. ఆమెకు గుర్తు రాలేదు. అప్పట్లో చాలామంది వచ్చిపోయేవారు, పేర్లు తెలియవంది.  ఇన్నేళ్లూ అతను ఆమె తన పేరు తలుచుకుని తిట్టుకుంటుందని అనుకుని ఉంటాడు. ఆమెకు ఆ పేరే తెలియదు. అతను కావాలంటే అక్కడితో ఆపేసి, చెయ్యి కట్టించుకుని, దణ్ణం పెట్టి జీపెక్కి వెళ్లిపోవచ్చు. అతను ఆపలేదు.

ఆ రోజు సంగతి అతని నోట్లోంచి ముక్కలు ముక్కలుగా వచ్చింది. కరెంటు ఆపించి, ఆగిందని తేల్చుకుని, ఆ తర్వాతే సోమ్రాను ఎక్కించాడట. అదంతా సరిగ్గానే చేశాడు. కానీ లైను ఆపాక పనిచేసే చోట తీగలకు ఎర్తింగు గొలుసు తగిలించి భూమికి కలపాలి. పొరపాటున ఎక్కణ్నుంచైనా కరెంటు వస్తే అది మనిషిలోంచి పోకుండా గొలుసులోంచి భూమిలోకి పోతుంది. ఆ రోజు కింది ఊళ్లో ఎవరో మిల్లులో జనరేటరు వేశారు, దాని కరెంటు వెనక్కి తన్ని తీగలోకి వచ్చింది. గొలుసు ఉంటే సోమ్రా దిగి వచ్చేవాడు. గొలుసు లేదు. విచారణకు వచ్చినవాళ్లు గొలుసు వేశారా అని అడిగితే సత్తిబాబు వేశామన్నాడు. కాగితాల్లో అదే ఉంది.

“గొలుసు తేలేదమ్మా. ఆ పొద్దు సైకిలు మీద ఈ కొండ ఎక్కాల. బరువైపోద్దని నానే గదిలో వదిలీసి వచ్చీసినాను. ఈ మాట ఎవలికీ సెప్పలేదు.”

మాస్టారు తల తిప్పి అతన్ని చూశారు. ముప్పై ఏళ్ల స్నేహంలో ఆయనా అప్పుడే వినడం.

సుక్రమ్మ చేతులు ఆగాయి. కంకర మీద ఎండ పడి రాళ్లు మెరుస్తున్నాయి. ఎక్కడో మేకల గంటలు వినిపిస్తున్నాయి. ఆమె అడిగింది.

“ఆ గొలుసు ఎంత బరువుంటాది బాబూ?”

“ఆరేడు కిలోలు.”

ఆమె ఆ అంకెను మనసులో తూచుతున్నట్టు కూర్చుంది. తర్వాత కోపం లేకుండా, అదేదో చిన్న సందేహం తీర్చుకుంటున్నట్టుగా అంది.

“ఆయన రోజూ తీగచుట్టలు మోసీవోడు కదా. ఆయనకి సెప్తే మోసీవోడే.”

సత్తిబాబు కుడి చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, ముందుకు వంగి, చప్పుడు లేకుండా ఏడ్చాడు. మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేయబోయి, వేయలేక, తన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆమె అతన్ని క్షమించాననీ అనలేదు, పొమ్మనీ అనలేదు. కట్టు సగంలో ఉంది. గుడ్డ మళ్లీ అందుకుని, చివరిదాకా బిగువుగా చుట్టి, ముడి వేసింది. 

నేను వాళ్ల మధ్యే, ఒక వేలెడు చీలికతో కంకరలో పడి ఉన్నాను. దారి మీద ఎవరి బరువూ లేకుండా నేను ఉన్నది అప్పుడే. ఒక్కటి మాత్రం అనిపించింది. నా స్థానంలో ముప్పై రెండు ఉండి, వీళ్లు సుఖంగా ఊళ్లోకి వెళ్లి ఉంటే, సత్తిబాబు ఆమె ఇంటి ముందు నిలబడి కుశలం అడిగి, కాఫీ పొడో బిస్కట్లో చేతిలో పెట్టి వచ్చేసేవాడేమో. చెప్పేవాడో లేదో. నాకు తెలియదు. దాన్ని నా గొప్పగా చెప్పుకోడానికి నాకు మనసు రాదు. నేను చేసిందల్లా చిరిగిపోవడం.

జీపు వచ్చింది. పైన గుమ్మడికాయలు, లోపల సంతకు పోయేవాళ్లు. ఇద్దరికీ చోటు చేసి, సైకిళ్లు రెండూ పైన కట్టారు. నన్నెవరూ చూసుకోలేదు. సుక్రమ్మే వంగి నన్ను ఎత్తి, దీన్ని పారేస్తారా అని అడిగింది. పారేస్తామన్నారు మాస్టారు. ఆమె నన్ను భుజానికి తగిలించుకుని, జీపు కదిలేదాకా ఆగకుండా ఇంటి దారి పట్టింది. ఆ నాలుగు కిలోమీటర్లు నేను ఒక మనిషి మీద ఎక్కి వెళ్లాను. ఆమె ఒక చోట మాత్రం ఆగి, రోడ్డు పక్కన ఉన్న పాత కరెంటు స్తంభాన్ని కింది నుంచి పైదాకా చూసి, మళ్లీ నడిచింది.

ఆమె ఇంటి చుట్టూ వెదురు దడి. దాని తడిక తలుపుకు గడియ లేదు. నన్ను రెండు మడతలు చేసి తడికకు కట్టి, పక్క గుంజకు తగిలించింది. దూడ బయటికి పోకుండా, పరాయి మేకలు లోపలికి రాకుండా పట్టుకోవడం ఇప్పుడు నా పని. పొద్దున ఎవరో నన్ను గుంజ మీంచి తీస్తారు, మళ్లీ తగిలిస్తారు. వాన, ఎండ, పొగ. నా అంకెలు వెలిసిపోయాయి. ఫిబ్రవరిలో రోడ్డు మీద తారు పోశారు. నల్లగా, నున్నగా, బీచ్ రోడ్డులా వచ్చింది. ఆ మూడు నెలలు ఆలస్యంగా బయల్దేరి ఉంటే నేను ఈల వేసుకుంటూ వచ్చేవాణ్ని. టైరుకు దారిని ఎంచుకునే హక్కు లేదు, దారి పుట్టే కాలాన్ని ఎంచుకునే హక్కు అసలే లేదు.

ఆ ఎండాకాలంలో ఒక ఉదయం సత్తిబాబు వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. అదే సైకిలు, ముప్పై రెండు టైర్లు, సంచి ఒక్కటే. ఎడమ మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. పాత కాగితాల్లో ఉన్నది తప్పని ఆఫీసులో రాసిచ్చి వచ్చానని దడి దగ్గర కనిపించిన ఊరి పెద్దతో చెప్పడం విన్నాను. ఇంతకాలం తర్వాత దాన్ని ఏం చేయాలో అక్కడివాళ్లకూ తెలియలేదట. తీసుకుని ఫైల్లో పెట్టారట.

సుక్రమ్మ ఇంట్లో లేదు, పసుపు తవ్వడానికి చేనుకు వెళ్లింది. తడిక మీద నేను ఉన్నాను. నన్ను ఎత్తి పక్కన పెడితే చాలు, లోపల పంచలో నీడ ఉంది, కుండలో నీళ్లున్నాయి. ఊరివాళ్లు వెళ్లి కూర్చోమన్నారు కూడా. అతను నా మీద చెయ్యి వేయలేదు. సైకిలు దడికి చేరవేసి, బయట ఎండలోనే గొంతుక్కూర్చున్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. అతని చొక్కా తడిసిపోయింది. గుంజ మీంచి నాకై నేను జారిపోగలిగితే బాగుండుననుకున్నాను. నాకు చేతకాదు. అతనికీ చేతకాలేదు.

మధ్యాహ్నం దాటాక ఆమె వచ్చింది. నెత్తి మీద పసుపు కొమ్ముల గంప. అతన్ని చూసింది. సైకిలును చూసింది, అతని మణికట్టును చూసింది. గంప దించి, ఒక్క చేత్తో నన్ను గుంజ మీంచి ఎత్తి, తడిక నెట్టింది.

“లోపలికి రా, అన్నా. ఎండలో కూర్సున్నావేటి.”

అతను లేచాడు. కాళ్లు పట్టేసినట్టున్నాయి, దడి పట్టుకుని ఒక అడుగు, ఇంకో అడుగు వేసి లోపలికి వెళ్లాడు. ఆమె గంప ఎత్తుకుని వెనకే వెళ్లింది. లోపల కుండ మూత తీసిన చప్పుడు వినిపించింది. నన్ను మళ్లీ తగిలించాలని ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు. తడిక తెరిచే ఉంది, దూడ వీధిలోకి వెళ్లింది.